రెండు కౌన్సెలింగులు

ఆ బోనాల సీజన్‌లో మా మరిది మహేందర్‌కు రెండు కౌన్సెలింగులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఒకటి బీఈడీ సీటుది, రెండోది ట్రాఫిక్ పోలీసులది. మా అత్త పుష్పమ్మకు తెలిసింది మొదటిది ఒక్కటే. లొల్లంతా అక్కడే మొదలైంది.

మాది గౌలిపురా. మా మామ బాలనర్సింహది తాతల నాటి పాల వ్యాపారం. మా ఆయన జగదీశ్వర్ ఆయనతో పాటే తిరిగి పాలు పోసి వస్తాడు. నేను పత్తర్‌గట్టిలో చీరల దుకాణంలో పనిచేస్తాను. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు మహేందర్ ఒక్కడే. లెక్కల సారు కావాలని వాడికి చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి. సాయంత్రం పూట కొట్టం గోడ మీద సుద్దతో లెక్కలు వేసి గల్లీ పిల్లలకు చెప్పేవాడు. పిల్లలకు ఏమొచ్చాయో గానీ, మా బర్రెలకు మాత్రం ఎక్కాలన్నీ వచ్చేసి ఉంటాయని నేను ఏడిపించేదాన్ని. ఎడ్‌సెట్‌లో మూడు వేల చిల్లర ర్యాంకు తెచ్చుకున్నాడు. సీటు ఖాయమని అందరం ధీమాగా ఉన్నాం.

బోనాల ఆదివారం అమ్మవారికి బోనం ఎక్కించి ఇంటికొచ్చాం. అత్త కల్లు ముంత ముందు పెట్టుకుని కూర్చుంది. మా ఇంట్లో ఆ పూట దాన్ని కల్లు అనరు, సాక అంటారు. అమ్మవారికి ధార పోయగా మిగిలినది ప్రసాదం. ప్రసాదం పుచ్చుకుంటే తాగుడు ఎట్లా అవుతుంది?

"నాకొద్దమ్మా," అన్నాడు మహేందర్.

"సాకను వద్దంటవారా? కండ్లకద్దుకొని తాగు."

తాగాడు. ఒంటి గ్లాసు మంచిది కాదని ఇంకోటి పోసింది. తాత పేరు మీద మూడోది పోసింది. ఆ చేత్తోనే చిలక్కొయ్యకున్న బండి తాళం తీసి వాడి చేతిలో పెట్టింది. "మీ మేనత్తను సైదాబాద్‌ల దింపి రాపో, జల్ది," అంది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. ఆ మేనత్త కూడా హాయిగా వెనకాల ఎక్కి కూర్చుంది.

ఆమెను క్షేమంగానే దింపాడు. తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు ఆపి నోటి దగ్గర మిషన్ పెట్టారు.

నేను కుడితి కలుపుతుంటే కొట్టంలోకి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, దొరికిన," అన్నాడు.

"ఎవరితోని?" అన్నాను సంబరంగా. ఏదో పిల్లతో తిరుగుతూ ఎవరి కంటన్నా పడ్డాడేమో అనుకున్నాను.

"పోలీసులకు. తాగి బండి నడిపిన్నని కేసు రాసిండ్రు. బండి గుంజుకున్నరు. గురువారం కౌన్సెలింగ్‌కు అమ్మను, బాపును తీస్కరమ్మన్నరు. ఆ తర్వాత కోర్టు."

నా చేతిలో బకెట్ అక్కడే ఆగిపోయింది.

"బీఈడీ సంగతి ఏమైతదో వదినా. పిల్లలకు చదువు చెప్పేటోడు తాగి దొరికిండంటే ఏ కాలేజోళ్లు చేర్చుకుంటరు? ఇన్నేండ్లు సదివింది మూడు గ్లాసులల్ల పాయె."

తాగితే తాగావు, తాళం ఎందుకు పుచ్చుకున్నావని నాలుగు తిట్టాను. తిట్టి, "పో, ఇప్పుడే మీ అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు," అని లోపలికి తోశాను.

వాడు మొదలుపెట్టాడు పాపం. "అమ్మా, గురువారం కౌన్సెలింగ్ ఉన్నది. నువ్వు, బాపు గూడ రావాలెనంట..."

అంతే. రెండో మాట అనేలోపు మా అత్త గల్లీలో ఉంది. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు.

"చంద్రమ్మా! ఓ చంద్రమ్మా! మా చిన్నోనికి కౌన్సెలింగ్ పిలుపొచ్చింది! తల్లిదండ్రులను గూడ తోలుకరమ్మన్నరంట!"

ఎదురింటి చంద్రమ్మ చేతిలో చాట పట్టుకునే బయటికొచ్చింది. "తల్లిదండ్రులను పిలుస్తున్నరంటే అల్లాటప్పా సీటు గాదొదినా. శాలువ గిట్ల కప్పుతరేమో."

గల్లీ అంతా వచ్చి మహేందర్ భుజం తట్టిపోయింది. వాడు కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాడు. "ఇప్పుడన్నా చెప్పు," అని చేయి గిల్లాను.

"ఎట్ల చెప్పాలె వదినా? ఆడ చూడు. కోవ చేస్తున్నది."

నిజమే. కౌన్సెలింగ్‌లో కూర్చునే సార్ల కోసమని మా అత్త అప్పటికే పొయ్యి మీద పాలు మరిగిస్తోంది.

గురువారం మామను పాలబేరం వదలలేదు, ఆయనకు బదులు నేను బయల్దేరాను. అత్త ఆకుపచ్చ పట్టుచీర కట్టింది, కొప్పులో మల్లెపూలు పెట్టింది, ఒళ్లో కోవ డబ్బా. ఆటోలో మహేందర్ రెండుసార్లు నోరు తెరిచాడు. "భయపడకురా, అమ్మవారున్నది," అని రెండుసార్లూ ఆమే మూయించింది.

ట్రాఫిక్ పోలీసుల ఆఫీసు ముందు దిగాక కూడా ఆమెకు అనుమానం రాలేదు. పోలీసులను చూసి, "ఎంత బందోబస్తు చేసిండ్రే!" అని మురిసిపోయింది. హాలు నిండా జనం. కొడుకులందరూ తలలు వంచుకుని ఉన్నారు, తండ్రులందరూ పళ్లు కొరుకుతున్నారు.

"ఏంది సుజనా, సీటొచ్చే పిల్లల ముఖాలు గిట్లనా ఉండేది?"

"టెన్షన్ అత్తమ్మా," అన్నాను. ఇంకేమనను?

పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కొడుకును మింగేసేలా చూస్తూ కూర్చున్నాడు. మా అత్త ఊరుకుంటుందా! "మీవోనిది ఎంతన్నా?" అని అడిగింది.

ఆయన నిట్టూర్చాడు. "నూట ఎనభై."

మిషన్‌లో ముప్పై దాటితేనే కేసు. ఆయన చెప్పింది కొడుకు ఊదిన నంబరు.

"నూట ఎనభయ్యా! ఓయమ్మో, ఎంత తెలివిగల్లోడు!" అని అత్త ఆ పిల్లవాడి వైపు చూసి మెటికలు విరిచింది. "మావోనిది మూడు వేల చిల్లర."

ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మూడు వేలా! మనిషి బతికే ఉన్నడా అమ్మా?"

"గదేం మాటన్నా? మాకు రిజర్వేషన్ ఉన్నది. సరిపోతది."

నాకు నవ్వు ఆగడం లేదు, ఏడుపూ ఆగడం లేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో ఎస్సై వచ్చాడు. మైకు కూడా పట్టుకోలేదు. "మీ పిల్లలు తాగి బండి నడిపి దొరికిండ్రు. గందుకే మిమ్మల్ని పిలిచినం," అన్నాడు.

అత్త ఎస్సైని చూసింది, మహేందర్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది. కోవ డబ్బా పట్టుకునే లేచింది.

"సార్, మీరు పొరపాటు పడ్డరు. మేం బీఈడీ సీటుకొచ్చినం. మావోడు తాగడు."

"పేరేంటమ్మా మీవోనిది?" అన్నాడు ఎస్సై. మహేందర్ లేచి చెప్పగానే లిస్టు చూశాడు. "మహేందరా? గౌలిపురా? బోనాల ఆదివారం దొరికిండు."

"బోనాల ఆదివారమా?" ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. "అయ్యో, గది తాగుడు గాదు సార్! సాక!"

హాలంతా గొల్లున నవ్వింది. ఎస్సై పెదవి బిగబట్టుకున్నాడు. "మిషన్‌కు సాక తెల్వదమ్మా. ఎవరు పోసిండ్రు?"

"నేనే."

"బండి తాళం ఎవరిచ్చిండ్రు?"

అత్త కోవ డబ్బాను ఒంటికి హత్తుకుంది. "గదీ నేనే," అంది.

"అయితే వచ్చి ముంగట కూసోండి. ఈ కౌన్సెలింగ్ మీకే."

వెళ్లి ముందు కూర్చుంది. తెర మీద వీడియో వేశారు. తాగినవాడి బండి కింద పడిన ఒక బడిపిల్ల సంగతి. వీడియో అయిపోయాక కూడా మా అత్త తెర వైపే చూస్తూ ఉండిపోయింది. బయటికొచ్చాక కోవ డబ్బా ఆ పెద్దమనిషి చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చాక ఏడ్చింది. "ఆ పిల్ల నా కండ్ల ముంగట్నే ఉన్నది సుజనా. మావోడు గట్ల చేసుంటే? నా చెయ్యితోని పోసి, నా చెయ్యితోనే తాళమిస్తినే!"

మా మామ మాట్లాడేది తక్కువ. విన్నాడు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సదర్ పండుగకు ఊరేగించేటప్పుడు నేను గూడ దున్నపోతుకు మందు పోస్త. గని దానికి బండి తాళమియ్యలేదు గదనే ఎన్నడు," అన్నాడు. ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపి ఆయన మీదికి చీపురు విసిరింది. అప్పుడు గానీ మహేందర్ ముఖంలోకి ప్రాణం రాలేదు.

అయితే గల్లీకి మాత్రం ఈ ముక్క తెలియకూడదని అత్త అందరితో ఒట్టు వేయించుకుంది. ఇజ్జత్ పోతుందట. చంద్రమ్మ రోజూ వచ్చి "సీటేమైందొదినా?" అని అడిగేది. "వస్తది, వస్తది," అంటూ అత్త ఆమె చేతిలో ఏదో ఒకటి తినడానికి పెట్టి పంపేది.

రెండు వారాల తర్వాత కోర్టు. జడ్జిగారు జుర్మానా వేసి, లైసెన్సు పక్కన పెట్టించి, మూడు రోజులు బహదూర్‌పురా చౌరస్తాలో బోర్డు పట్టుకుని నిలబడమన్నారు. జైలు తప్పిందని మొక్కుకుంటూ మెట్లు దిగుతుంటే మహేందర్ ఫోన్ మోగింది. బీఈడీ సీటు వచ్చింది! సైదాబాద్ దాటాక ఉన్న కాలేజీ. అక్కడే మెట్ల మీద ఎగిరి గంతేయబోయి ఆగిపోయాడు. శనివారం సాయంత్రం నాలుగింటిలోపు వెళ్లి చేరాలి. లేకపోతే సీటు పోతుంది. చౌరస్తాలో శిక్ష మర్నాటి నుంచే, వాడి మూడో రోజు కూడా శనివారమే, రోజూ ఐదింటి దాకా కదలడానికి లేదు.

"నేనున్న గదా, చూస్త," అన్నాను. నా బుర్రలో అప్పటికే ఒక ఉపాయం తయారైంది.

ఆ మూడు రోజులు చూడాలి మా అత్తను! మొదటి రోజే మజ్జిగ బిందె ఎత్తుకుని బహదూర్‌పురా వెళ్లింది. ఎండలో మహేందర్ మెరిసే పసుపుపచ్చ జాకెట్ వేసుకుని, మెడలో విజిల్‌తో, "తాగి బండి నడపవద్దు" అన్న బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. ఆటోవాళ్లు ఆగి మరీ, ఎంత తాగావని పలకరించేవాళ్లు.

"క్యా మియా, కిత్నీ పియే థే?"

"తీన్ గ్లాస్, భాయ్."

"బస్, తీన్?" అంటూ, మూడింటికే ఇంత శిక్షా అని ఒక ముసలాయన జాలిపడి వాడికి జామకాయ ఇచ్చిపోయాడు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ బాబురావు మొదట అత్తను పక్కకు జరగమన్నాడు. రెండో గ్లాసు మజ్జిగ తర్వాత "అమ్మా" అన్నాడు. మూడో గ్లాసుకు కుర్చీ తెప్పించాడు. కుర్చీలో ఎందుకు కూర్చుంటుంది? కొడుకు చేయి నొప్పి పెడుతోందని బోర్డు తనే అందుకుంది. బడి వదిలే వేళకు పిల్లలను రోడ్డు దాటించడం మహేందర్‌కు అప్పజెప్పారు. వాడు విజిల్ ఊదితే పిల్లలంతా వరుసగా ఆగేవాళ్లు. చేయి ఊపితే నడిచేవాళ్లు. కొట్టంలో చూసిన పిల్లవాడేనా అని నేను రెండుసార్లు కళ్లు నులుముకున్నాను.

రెండో రోజు చంద్రమ్మ ఆటోలో అటు నుంచి పోతూ వాడిని చూసింది. బోర్డు అటువైపు తిరిగి ఉండడం మా అదృష్టం. ఆమె సాయంత్రానికి గల్లీ అంతా చాటింది. "కౌన్సెలింగ్‌ల ఏమో అనుకున్న గని, మహేందర్‌కు పోలీసు నౌకరీ వచ్చిందమ్మో! పుష్పమ్మకు గూడ ఏదో పనిచ్చిండ్రు!"

శనివారం మధ్యాహ్నం చౌరస్తాకు వెళ్లి నా ఉపాయం ఇద్దరికీ చెప్పాను. "మేం పోయి నీకు జ్వరమని చెప్తం. ఐదు కాంగనే నువ్వు ఉరికిరా. నువ్వు గూడ జ్వరమనే చెప్పు. మర్చిపోకు." మహేందర్ తల ఊపాడు. అత్త దారి పొడుగునా నేర్చుకుంది.

"నూట మూడు జ్వరం. లేవలేకపోతున్నడు. మంచిగున్నదా?"

"నూట మూడు అక్కర్లే అత్తమ్మా. నూట ఒకటి చాలు."

"నంబర్లు నాకు అచ్చిరాలే బిడ్డా. ఉత్త జ్వరమనే అంట."

ప్రిన్సిపాల్ మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్లద్దాల మీది నుంచి చూసింది. "అభ్యర్థి ఎక్కడ?" అంది.

"మేడమ్, మావోనికి..." అని అత్త మొదలుపెట్టి ఆగింది. నేను మోచేత్తో పొడిచాను. ఆమె నా చేయి పక్కకు తోసింది.

"జ్వరమని చెప్పమన్నది మా కోడలు. జ్వరం లేదు మేడమ్."

నేల చీలితే లోపలికి పోదామనిపించింది నాకు.

"బోనాలకు నేనే కల్లు పోసిన. నేనే బండి తాళమిచ్చిన. పోలీసులకు దొరికిండు. కోర్టుల శిక్ష పడ్డది. ఇప్పుడు చౌరస్తల నిలబడ్డడు, ఐదింటి దాకా రాలేడు. ఒకసారి నా చెయ్యితోని ఆగం చేసిన మేడమ్. మల్ల నా నోటితోని ఆగం చెయ్య."

మేడమ్ చేతిలోని కలం కింద పెట్టి, "ఇది టీచర్లను తయారుచేసే కాలేజీ అమ్మా," అంది. "శిక్ష పడినవాణ్ని చేర్చుకుంటే రేపు ప్రాక్టీసుకు ఏ స్కూలువాళ్లు రానిస్తారు? తల్లులు ఏమంటారు?"

"నేను గూడ తల్లినే మేడమ్. నేనైతే అడుగుత. గట్టిగనే అడుగుత. అడిగినంక, వాడు చెప్పేది వింట."

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సరే. నేనూ వింటాను. ఆరింటి దాకా ఉంటాను. కానీ మీరిద్దరూ వాడికి ఫోన్ చేయకూడదు. ఫోన్లు ఇక్కడ పెట్టండి."

టేబుల్ మీద మా ఫోన్లు రెండూ పక్కపక్కన పడుకున్నాయి. వాడికి జ్వరం పాఠం నేర్పింది నేనే. ఈ సంగతి తెలియక వాడు వచ్చి అదే అప్పజెప్తే? నా తెలివి తెల్లారినట్టే. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. బాబురావుకు కూడా మొక్కాను.

ఐదున్నర దాటాక బయట చెప్పుల చప్పుడు. మహేందర్ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటి మీద ఆ పసుపుపచ్చ జాకెట్ అట్లాగే ఉంది. మెడలో విజిల్ కూడా అట్లాగే ఉంది. ఓరి దేవుడా, జాకెట్ వేసుకొచ్చి జ్వరమంటాడా వీడు!

"ఎందుకింత ఆలస్యం?" అంది మేడమ్.

వాడు నా వైపు చూశాడు. నేను కళ్లతో, కనుబొమ్మలతో, ఆఖరికి ముక్కుతో కూడా వద్దని చెప్పాను.

"అటు కాదు, ఇటు చూడు," అంది మేడమ్.

"నాకు..." అన్నాడు. మెడలోని విజిల్ పిడికిట్లో పట్టుకున్నాడు. "నాకు శిక్ష పడ్డది మేడమ్. తాగి బండి నడిపిన. మూడు దినాలు చౌరస్తల బోర్డు పట్టుకొని నిలబడ్డ. ఇప్పుడే అయిపోయింది."

నేను ఊపిరి వదిలాను. అత్త నా చేయి పట్టుకుంది.

"తాగించింది ఎవరు?"

"ఎవరు తాగించలే మేడమ్. నేనేమన్న చిన్నపిల్లగాన్నా? తాగింది నేను, నడిపింది నేను."

"అబద్ధం మేడమ్!" అత్త లేచింది. "పోసింది నేనే!"

"అమ్మా, నువ్వు జర ఊకో."

"నువ్వు ఊకోరా. మేడమ్‌కు అన్ని చెప్పిన నేను!"

"తప్పు నాదంటే నాదని నా ముందర కొట్లాడుకున్నవాళ్లు మీరే మొదలు," అంది మేడమ్. ఆమె పెదవుల చివర నవ్వు కదిలింది గానీ గొంతు గట్టిగానే ఉంది. "చూడు మహేందర్. ఈ కేసు ఇక్కడితో పోదు. రేపు ఉద్యోగం అప్పుడు అడుగుతారు, ప్రాక్టీసుకు వెళ్లిన స్కూల్లో అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఇప్పుడు చెప్పినట్టే చెప్పాలి. మళ్లీ ఒక్కసారి ఇట్లాంటిది విన్నానా, అదే రోజు ఇంటికి పంపిస్తాను."

"సరే మేడమ్."

ఆమె కలం తీసి సంతకం పెట్టింది. "సోమవారం తొమ్మిదింటికి క్లాసు. బస్సులో రా." నా ఫోన్ నా చేతికిస్తూ, "మీకు జ్వరం తగ్గిందా అమ్మా?" అంది.

బయటికి రాగానే మా అత్త గేటు దగ్గర నిలబడి చంద్రమ్మకు ఫోన్ కలిపింది. వీధి వీధంతా వినపడేటట్టు మాట్లాడుతోంది. "సీటొచ్చింది చంద్రమ్మా! పోలీసు నౌకరీ గాదే పిచ్చిదానా! మొత్తం చెప్త, మొదటి నుంచి చెప్త. నువ్వు పొయ్యి ఆర్పి కూసో." ఇజ్జత్ ఏమైందో ఏమో, ఒట్టు ఏ గాలికి పోయిందో ఏమో! ఆమె నవ్వుతోంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ నవ్వుతోంది.

మహేందర్ వరండాలోనే ఆగిపోయాడు. ఒక క్లాసు తలుపు తీసి ఉంటే లోపలికి చూస్తున్నాడు. ఖాళీ బెంచీలు, గోడకు నల్లబల్ల. కళ్లు నిండి ఉన్నాయి. నేను ఎప్పుడూ ఏడిపించే మరిదిని ఆ క్షణాన ఏమని ఏడిపించాలో నాకు తోచలేదు. గేటు ముందు ఆటో ఆగింది.

"పదండి సార్," అన్నాను.

వాడు చప్పున పక్కకు జరిగి, ఎవరో సారు వస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు.